పాటను పొల్లుపోకుండా దింపుకున్న కథ



ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసమొకటి రాయమని సంపాదకులు అడిగినప్పుడు, కోటల గురించో రాజుల గురించో రాయడానికి నాకు పాండిత్యం లేదని చెప్పాను. "మీకు తెలిసిన చరిత్రే రాయండి" అన్నారు. నాకు తెలిసినది టెలిఫోను శాఖ. 1968లో చేరి 2005లో విశ్రాంతి పుచ్చుకునే దాకా తీగలతోనూ మాటలతోనూ గడిపినవాణ్ణి. కనుక మాట అంకెలుగా ఎలా మారింది, ఆ అంకెల్లోంచి సంగీతం బిళ్ళ ఎలా పుట్టింది, ఆ బిళ్ళలోని పాటను కంప్యూటరులోకి సరిగా దింపుకోవడం లోకం ఎప్పుడు నేర్చుకుంది అన్న సంగతులు రాస్తాను. అందులో మా అక్కయ్య పాట కథ కూడా ఉంది. అసలు ఆ పాట కోసమే నేను ఈ చరిత్రంతా చదవవలసి వచ్చింది.

మన ఎక్స్ఛేంజీ నుండి పుట్టిన బిళ్ళ

స్ట్రోజర్ ఎక్స్ఛేంజీల్లో పనిచేసిన మిత్రులకు ఆ టకటక శబ్దం ఇంకా చెవిలో ఉండే ఉంటుంది. 1980లలో మన దేశానికి ఇ-10బి ఎక్స్ఛేంజీలు, ఆ వెంట సి-డాట్ వారివి వచ్చాయి. అప్పుడే మనలో చాలామందిమి "పి.సి.ఎం." అనే మాటను శిక్షణ తరగతిలో మొదటిసారి విన్నాము. మాటను అంకెలుగా మార్చి పంపే ఈ పద్ధతిని అలెక్ రీవ్స్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 1937లో పారిస్‌లోని ఒక టెలిఫోను పరిశోధనాలయంలో ఆలోచించాడు. అప్పటికి ట్రాన్సిస్టరు లేదు. ఆలోచన సరైనదే అయినా, దాన్ని ఆచరణలో పెట్టే పరికరాలు రావడానికి పాతికేళ్ళు పట్టింది.

ఆ పద్ధతిలో ధ్వనిని సెకనుకు ఇన్నిసార్లని కొలుస్తారు. కొలిచిన ప్రతిసారీ ఒక అంకె రాసుకుంటారు. టెలిఫోనులో సెకనుకు 8,000 సార్లు, ఒక్కొక్క కొలతకు 8 బిట్లు. అంటే సెకనుకు 64,000 బిట్లు. ఈ లెక్క మనకు నిద్రలో లేపి అడిగినా వస్తుంది. అయితే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మనం "ఎ-లా" అని పిలిచే పద్ధతిలో చిన్న ధ్వనులను సన్నగా, పెద్ద ధ్వనులను ముతకగా కొలిచేవారు. పెద్ద ధ్వనిలో కొద్దిపాటి తేడాను చెవి పట్టించుకోదు గనుక అక్కడ బిట్లు ఆదా చేశారన్నమాట. చెవిని చూసి పొదుపు చేయడమనే ఈ ఉపాయం తరువాత కథలో మళ్ళీ వస్తుంది.

ఫిలిప్స్, సోనీ సంస్థలు కలిసి కాంపాక్ట్ డిస్కు ప్రమాణాన్ని 1980లో ఖరారు చేశాయి. 1982 అక్టోబరులో జపానులో మొదటి ప్లేయరు అమ్మకానికి వచ్చింది. డిస్కు మీద ఉన్నదీ మన పి.సి.ఎం. అంకెలే. కాకపోతే సెకనుకు 44,100 కొలతలు, ఒక్కొక్కటి 16 బిట్లు, కుడి ఎడమలకు రెండు వరుసలు. గుణిస్తే సెకనుకు 14,11,200 బిట్లు. మన టెలిఫోను లెక్కలో చెప్పాలంటే 22 కాల్స్ ఒకేసారి నడిచినంత.

44,100 అనే ఆ వింత అంకె ఎక్కడిది అని నాకు చాలాకాలం సందేహం. ఆ రోజుల్లో అన్ని అంకెలను దాచగల యంత్రం వీడియో రికార్డరు ఒక్కటే. టి.వి. బొమ్మలోని ఒక్కొక్క గీతలో మూడేసి కొలతలు పెట్టారు. అమెరికా, జపాను పద్ధతిలో 245 గీతలు, సెకనుకు 60 సార్లు. యూరపు పద్ధతిలో 294 గీతలు, సెకనుకు 50 సార్లు. ఎలా గుణించినా 44,100 వస్తుంది. రెండు లోకాలకూ సరిపోయిన అంకె కనుక అదే నిలిచింది.

చెవికి అందనిది వదిలేయడం

జర్మనీలో ఎర్లాంగెన్ విశ్వవిద్యాలయంలో డీటర్ జైట్సర్ అనే ఆచార్యుడుండేవాడు. టెలిఫోను తీగ మీద సంగీతం పంపాలని ఆయన కోరిక. పేటెంటుకు దరఖాస్తు పెడితే, ఇది అసాధ్యమని పరీక్షాధికారి తిప్పికొట్టాడు. ఆయన తన విద్యార్థి కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బుర్గ్‌కు ఆ పని అప్పగించాడు. ఒక పెద్ద శబ్దం వినిపిస్తున్నప్పుడు దాని పక్కనున్న చిన్న శబ్దాన్ని చెవి వినలేదు. వినలేనిదాన్ని రాసుకోవడమెందుకు అన్నది సూత్రం. పెళ్ళిలో సన్నాయి ఊదుతుంటే పక్కవాడి మాట వినబడనట్లే. ఆ విశ్వవిద్యాలయం, ఫ్రాన్‌హోఫర్ సంస్థ, మరికొన్ని పరిశోధనాలయాలు కలిసి సాగించిన ఆ కృషి 1992లో అంతర్జాతీయ ప్రమాణంలో చేరింది. 1995 జులైలో దానికి ఎం.పి.3 అని ముద్దుపేరు పెట్టుకున్నారు.

పరీక్షించేటప్పుడు బ్రాండెన్‌బుర్గ్‌ను బాగా ఏడిపించిన పాట ఒకటుంది. సుజాన్ వేగా అనే అమెరికా గాయని పాడిన "టామ్స్ డైనర్". అందులో వాద్యాలు లేవు, ఒక్క ఆడమనిషి గొంతు మాత్రమే. తబలా, వీణ, వయొలిన్ ఉంటే వాటి చాటున లోపాలు దాక్కుంటాయి. ఒంటరి గొంతులో దాక్కోవడానికి చోటు లేదు. మొదట్లో ఆమె గొంతు భరించరానంత వికారంగా వచ్చిందట. ఆ గొంతు సరిగా వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ సరిచేశాడు. ఒంటరిగా పాడే ఆడమనిషి గొంతు అంటే మన మంగళహారతులూ, అప్పగింతల పాటలూ కూడా అవే కదా. ఈ మాట పాఠకులు మనసులో పెట్టుకోవాలి.

సెకనుకు 1,28,000 బిట్ల ఎం.పి.3 ఒకప్పుడు బాగా ప్రచారంలో ఉండేది. అది మన ఐ.ఎస్.డి.ఎన్. లైనులోని రెండు చానళ్ళకు సరిగ్గా సమానం, డిస్కులో ఉన్నదానిలో పదకొండో వంతు. అయిదు నిమిషాల పాట అయిదు మెగాబైట్లలోపే. 2000 ప్రాంతంలో హైదరాబాదు కోఠిలో ఒకే బిళ్ళలో నూట నలభై పాటలని అమ్మేవారు గుర్తుందా? ఆ కిటుకు ఇదే.

బిళ్ళలోంచి పాటను కంప్యూటరులోకి తీసుకోవడాన్ని ఇంగ్లీషులో "రిప్పింగ్" అంటారు. చింపి తీయడమని అర్థం. నాకా మాట నచ్చదు. నేను దింపుకోవడం అంటాను. బావిలోంచి నీళ్ళు తోడుకున్నాక బావి ఖాళీ కాదు.

నేను చేసిన పొరపాటు

1986లో తెనాలిలో మా మేనకోడలి పెళ్ళి జరిగింది. పిల్లను అత్తవారింటికి పంపే ముందు మా అక్కయ్య అప్పగింతల పాట పాడింది. అంతకుముందు రెండు రోజులుగా ఇంటిలో ఆమె పాడిన మంగళహారతులు, పెళ్ళిపాటలు నేను టేప్‌రికార్డరులో పట్టుకుంటూ వచ్చాను. చివరి పాట అదే. 60 నిమిషాల క్యాసెట్టు నిండిపోయింది. 1999లో అక్కయ్య వెళ్ళిపోయింది.

2002లో ఒక స్టూడియోలో ఆ క్యాసెట్టును సీడీ మీదకు ఎక్కించాను. వారు దాని మీద అందమైన కాగితపు లేబులు అంటించి ఇచ్చారు. ఇక క్యాసెట్టు దేనికని అటక మీద పడేశాను. రెండు వానాకాలాలకు బూజుపట్టి టేపు ఒకదానికొకటి అతుక్కుపోయింది.

2003లో మా అబ్బాయి కంప్యూటరు కొన్నాడు. దానితోపాటు వచ్చిన ఒక సాఫ్టువేరులో డిస్కు పెట్టి ఒక్క మీట నొక్కితే పాటలన్నీ పది నిమిషాల్లో దిగిపోయాయి. ఆ సాఫ్టువేరు పేరు ఇక్కడ అనవసరం. ఏ పద్ధతిలో దించాలి, సెకనుకు ఎన్ని బిట్లు అని అది అడగనే లేదు. అడగకుండా తనకు తోచినట్లు 64,000 బిట్లలో కుదించింది. ఇంకొక మూల "కాపీ రక్షణ" అని ఒక గడి ముందే టిక్కు పెట్టి ఉంది. రక్షణ అంటే మంచిదే కదా అనుకున్నాను. ఆ దస్త్రాలన్నిటినీ ఇంకో సీడీలో జాగ్రత్తగా దాచాను కూడా.

2006లో వైరసు పట్టి కంప్యూటరును మొత్తం తుడిచి మళ్ళీ నింపవలసి వచ్చింది. భయం లేదు, నా దగ్గర నకలుందిగా అని ఆ సీడీ పెట్టాను. దస్త్రాలు ఉన్నాయి, పేర్లు ఉన్నాయి, పాట మాత్రం రాదు. "ఈ పాటకు అనుమతి లేదు" అని తెర మీద వచ్చింది. మా అక్కయ్య పాడిన పాటకు, నేను రికార్డు చేసిన పాటకు, నాకు అనుమతి లేదట. తాళంచెవి తుడిచేసిన కంప్యూటరుతోనే పోయింది. ఆ గడిలోని రక్షణ నా పాటకు కాదు, నా నుండి పాటకు అని అప్పుడు తెలిసింది.

బిళ్ళ చదవడం ఎందుకు కష్టం?

అసలు డిస్కు ఉందిగా, మళ్ళీ దింపుకోవచ్చును గదా అని మీరనవచ్చు. నేనూ అలాగే అనుకుని బీరువాలో పెట్టి మరచిపోయాను. బీరువాలో ఉన్నది భద్రమే అనే నమ్మకం మన తరం బలహీనత.

దుకాణంలో కొన్న డిస్కులో పాట గుంటలుగా అచ్చువేసి ఉంటుంది. ఇంట్లోనో స్టూడియోలోనో రాసిన డిస్కులో గుంటలుండవు. ఒక రంగు పొర మీద వెలుతురుతో గుర్తులు వేస్తారు. ఎండ, వేడి, తేమ తగిలితే ఆ రంగు మారిపోతుంది. పైగా మెరిసే లోహపు పొర ఉండేది మనం పేరు రాసే వైపున, పలుచటి లక్క వంటి పూత కింద. అందుచేత ఆ వైపు బాల్‌పెన్నుతో గట్టిగా రాయడం, కాగితం అంటించి పీకడం డిస్కును చంపడమే. కింది వైపు గీతలు పడితే తుడుచుకోవచ్చును గాని, పై వైపు పోతే పోయినట్లే.

ఇంకొక చిక్కు. కంప్యూటరు దస్త్రాలు రాసిన డిస్కులో ఒక్కొక్క ముక్క 2,352 బైట్లయితే, అందులో 2,048 మాత్రమే సరుకు. మిగిలినదంతా చిరునామా, తప్పులు సరిదిద్దే అదనపు అంకెలు. పాటల డిస్కులో 2,352 బైట్లూ పాటే. కింది అంచెలో తప్పులు దిద్దే ఏర్పాటు ఒకటి ఉందిగాని, గీత పెద్దదైతే అది చాలదు. చాలనప్పుడు ప్లేయరు అటూ ఇటూ చూసి మధ్యలో ఏముండి ఉంటుందో ఊహించి పూరిస్తుంది. వినడానికి బాగానే ఉంటుంది. కాని నకలు తీసేటప్పుడు ఆ ఊహ శాశ్వతంగా పాటలో చేరిపోతుంది. ఎక్కడ ఊహించిందో ఎవరికీ చెప్పదు.

ఈ సమస్యను 1990ల చివర ఇద్దరు పట్టించుకున్నారు. అమెరికాలో క్రిస్ మాంట్‌గొమరీ "సీడీ పారనోయా" అనే ప్రోగ్రాము రాశాడు. పారనోయా అంటే అతి అనుమానం. పేరుకు తగ్గట్టే అది ఒక ముక్క చదివి, వెనక్కి జరిగి దానితో కలిసేలా మళ్ళీ చదివి, రెండూ సరిపోతేనే నమ్ముతుంది. జర్మనీలో ఆండ్రే వీథాఫ్ 1998లో "ఎగ్జాక్ట్ ఆడియో కాపీ" అనే ఉచిత ప్రోగ్రాము విండోస్ వారికి ఇచ్చాడు. ప్రతి ముక్కనూ కనీసం రెండుసార్లు చదువుతుంది. తేడా వస్తే పదహారేసి సార్లు మళ్ళీ చదివి, అందులో ఎనిమిదింటికి ఒకే జవాబు వస్తే ఒప్పుకుంటుంది. పట్టుబడితే ఒక్క ముక్కను 82 సార్ల దాకా చదువుతుంది. చివరకు ఒక నివేదిక రాసి ఇస్తుంది. ఫలానా పాటలో ఫలానా నిమిషం, ఫలానా సెకను అనుమానాస్పదం అని. ఆడిట్ పార్టీ రాసే రిమార్కుల్లాంటిదే. మనం ఆడిట్ వారిని తిట్టుకున్నాము గాని, తప్పును తప్పని రాసి పెట్టేవారుండటం ఎంత మేలో ఇక్కడ నాకు తెలిసింది.

దుకాణపు డిస్కులకు ఇంకో సదుపాయం ఉంది. "ఆక్యురేట్‌రిప్" అనే పద్ధతిలో మీరు దింపుకున్న పాట మొత్తాన్ని ఒక లెక్కకు కుదించి, అదే డిస్కును లోకంలో ఇతరులు దింపుకున్నప్పుడు వచ్చిన లెక్కతో సరిపోల్చుతారు. పదిమందికీ ఒకటే లెక్క వస్తే పాట పొల్లుపోలేదని అర్థం. అయితే ఇంటి రికార్డింగుకు ఈ సాయం దొరకదు. అది లోకంలో మన ఒక్కరి దగ్గరే ఉంటుంది గదా.

ఏమీ వదలని కుదింపు

ఇక ఏ రూపంలో దాచాలి అన్నది రెండవ ప్రశ్న. గంట డిస్కు ఉన్నదున్నట్లు దాస్తే 635 మెగాబైట్లు. 2000లలో ఇళ్ళలోని కంప్యూటర్లకు అది మోయలేని బరువు. అందుకే అందరూ ఎం.పి.3కి పరుగెత్తారు. దాని మీద పేటెంట్లుండేవి. 1998లో ఫ్రాన్‌హోఫర్ వారు రుసుము సంగతి గట్టిగా చెప్పేసరికి, ఆ సీడీ పారనోయా రాసిన మాంట్‌గొమరీయే "వోర్బిస్" అనే పేటెంట్లు లేని పద్ధతిని తయారు చేయడానికి పూనుకున్నాడు. అది 2002లో పూర్తయింది. అదే 1998లో "లేమ్" అనే పేరుతో కొందరు ఔత్సాహికులు ఎం.పి.3నే మెరుగుపరచసాగారు. లేమ్ అంటే కుంటి అని అర్థం. ఆ కుంటిదే తరువాత అందరికంటే బాగా నడిచింది. ఎం.పి.3 పేటెంట్ల గొడవ 2017లో ముగిసి, ఇప్పుడది అందరిదీ అయింది.

కాని వీటన్నిటిలోనూ వదిలేసినది తిరిగి రాదు. 2001 జులైలో జోష్ కోల్సన్ అనే అమెరికా యువకుడు "ఫ్లాక్" అనే పద్ధతి విడుదల చేశాడు. ఇది వేరే దారి. ఏదీ వదలదు. ముందటి కొలతలను బట్టి తరువాతి కొలత ఇంత ఉండవచ్చునని అంచనా వేసి, అంచనాకూ నిజానికీ ఉన్న తేడాను మాత్రం రాసుకుంటుంది. తేడాలు చిన్న అంకెలు గనుక చోటు తక్కువ పడుతుంది. విప్పినప్పుడు మొదటి అంకెలన్నీ ఒక్క బిట్టు తేడా లేకుండా తిరిగి వస్తాయి. పరుపును చుట్టి తాడు కట్టడం వంటిది. విప్పితే మళ్ళీ అదే పరుపు. ఎం.పి.3 అయితే పరుపులోంచి దూది తీసేసి చిన్నది చేయడం. సాధారణంగా ఫ్లాక్‌లో డిస్కు సగానికో, కాస్త ఎక్కువకో వస్తుంది. సున్నా నుండి ఎనిమిది వరకు స్థాయిలు ఉంటాయి. స్థాయి పెంచితే కుదించడానికి సమయం పెరుగుతుందే గాని, పాటలో తేడా ఏమీ ఉండదు.

దీని పద్ధతి మొదటినుండీ బహిరంగం. ఎవరైనా చదివి, చదివే యంత్రం తయారు చేసుకోవచ్చు. 2024 డిసెంబరులో ఇంటర్నెట్ ప్రమాణాలు నిర్ణయించే సంస్థ 9639వ నంబరు పత్రంగా దీన్ని ప్రచురించింది. ఇది నా దృష్టిలో చాలా ముఖ్యం. 2003లో నా పాటను దాచిన తాళం ఎవరిదో నాకు తెలియదు. ఫ్లాక్‌కు తాళం లేదు. దీన్ని తయారుచేసినవారు రేపు దుకాణం మూసేసినా, విప్పే విద్య కాగితం మీద ఉంది.

తాళాల గొడవ నా ఒక్కడిదే కాదు. 2005లో సోనీ బి.ఎం.జి. సంస్థ కొన్ని పాటల డిస్కుల్లో, కొన్నవారికి చెప్పకుండా కంప్యూటరులో దాక్కునే ప్రోగ్రాము పెట్టిందని మార్క్ రస్సినోవిచ్ అనే నిపుణుడు బయటపెట్టాడు. గోల పుట్టి ఆ డిస్కులను వెనక్కి తీసుకోవలసి వచ్చింది.

పాటలో మౌనం

2018లో మేనకోడలు ఫోను చేసింది. "మావయ్యా, అమ్మాయి పెళ్ళి కుదిరింది. అమ్మ పాడిన అప్పగింతల పాట నీ దగ్గర ఉంది కదా, అది వినిపించి పిల్లను పంపుదామని" అంది. ఉందమ్మా అన్నాను. ఫోను పెట్టేశాక చేతులు చల్లబడ్డాయి.

బీరువా తీస్తే డిస్కు ఉంది. లేబులు ఉబ్బి ఒక పక్క లేచింది. అంచు దగ్గర పొర చిన్నగా పొలుసు కట్టింది. డిస్కును లోపలి నుండి బయటి అంచుకు చదువుతారు. కనుక చివరి పాట అంచున ఉంటుంది. మా అప్పగింతల పాట చివరిది. కొత్త ల్యాప్‌టాప్‌కు డిస్కు పెట్టే చోటే లేదు. మన సంఘంలోని ఒక మిత్రుడు బయట తగిలించే డ్రైవు ఇచ్చారు. లేబులు మాత్రం పీకలేదు. పీకితే పొర కూడా వస్తుందని ఆయనే హెచ్చరించారు.

ఎగ్జాక్ట్ ఆడియో కాపీ పెట్టాము. మొదటి ఎనిమిది పాటలు అరగంటలో దిగాయి. తొమ్మిదవ దానికి నాలుగు గంటలు పట్టింది. డ్రైవు ఆగి ఆగి మూలుగుతూ చదివింది. నివేదికలో మూడు చోట్ల అనుమానం అని వచ్చింది. మిత్రుడి ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఉంటే అందులోనూ పెట్టి చదివించాము. ఒక్కొక్క డ్రైవు కన్ను ఒక్కొక్క తీరు. అది రెండు చోట్లను శుభ్రంగా చదివేసింది. ఒక్కచోట మాత్రం సెకనులో కొంత భాగం దొరకలేదు.

మా అబ్బాయి పాట విని, "నాన్నా, రెండో చరణం మధ్యలో మూడు సెకన్లు ఏమీ లేదు. డిస్కు గీత వల్ల పోయింది. అక్కడ కత్తిరించి కలిపేస్తే తెలియదు" అన్నాడు. వాడు అన్నది సబబుగానే తోచింది. 2003లో వాడు ఆ పాటను చిన్న ఎం.పి.3 చేసి ఎవరికో ఈమెయిలులో పంపిన నకలు ఒకటి దొరికింది. అందులోనూ ఆ చోట నీళ్ళ బుడగల వంటి శబ్దం తప్ప ఏమీ లేదు.

అయితే నివేదిక చూస్తే, అనుమానమున్న మూడు చోట్లలో ఇది లేదు. రెండు డ్రైవుల నకళ్ళను సరిపోల్చితే ఆ మూడు సెకన్లలో ఒక్క బిట్టు కూడా తేడా లేదు. అంటే డిస్కు అక్కడ చెడలేదు. ఆ మౌనం టేపులోదే. చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని ఫ్లాక్ నకలు పెట్టి మళ్ళీ విన్నాను. టేపు సరసర వెనకాల సన్నగా ఒక ఊపిరి. మేనకోడలికి ఫోనులో వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "అక్కడ అమ్మ ఏడ్చింది మావయ్యా. నా తల మీద చెయ్యి పెట్టి ఆగిపోయింది" అంది.

మేము దాన్ని కత్తిరించలేదు. పెళ్ళిలో ఆ మూడు సెకన్లూ అలాగే వినిపించాము.

నాకు అర్థమైనదిదీ. నిక్కమైన నకలు గొప్పతనం చెవికింపుగా ఉండటంలో లేదు. మనిషి ఆగిన చోటేదో, యంత్రం పోగొట్టిన చోటేదో విడదీసి చెప్పగలగడంలో ఉంది. ఆ తేడా తెలియకపోతే మా అక్కయ్య కన్నీటిని గీత అనుకుని కత్తిరించి ఉండేవాళ్ళం.

నేను పాటించే పద్ధతి

ఇది అందరూ పాటించాలని కాదు, ఉపయోగపడవచ్చునని రాస్తున్నాను.

ఒకటి. ముందు నిక్కమైన నకలు, తరువాతే చిన్న నకలు. అనుమానించి చదివే ప్రోగ్రాముతో దింపి ఫ్లాక్‌లో దాచాలి. విండోస్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ ఉచితం. లినక్స్‌లో "విప్పర్", మాక్‌లో "ఎక్స్.ఎల్.డి." ఉన్నాయి. మనవలకు వాట్సాప్‌లో పంపడానికి, కారులో వినడానికి ఆ ఫ్లాక్ నుండి లేమ్‌తో ఎం.పి.3 చేసుకోవచ్చు. ఎం.పి.3 నుండి ఫ్లాక్ చేయడం వల్ల ప్రయోజనం లేదు. తీసేసిన దూది తిరిగి రాదు.

రెండు. ఇంటి రికార్డింగు అయితే రెండు వేర్వేరు డ్రైవుల్లో దింపి సరిపోల్చాలి. నివేదికను కూడా పాటలతోపాటు దాచాలి.

మూడు. పేర్లు మనమే రాయాలి. పాటల డిస్కులో సాధారణంగా పాట పేరు ఉండదు. కంప్యూటరు చూపించే పేర్లు ఎవరో ఇంటర్నెట్‌లో రాసిపెట్టినవి. తెలుగు డిస్కులకు అవి తరచు తప్పుల తడకలే. పాత ఎం.పి.3 పద్ధతిలో పేరుకు 30 బైట్లే ఉండేవి, తెలుగు లిపి పట్టేది కాదు. ఫ్లాక్‌లో తెలుగులోనే ఎంతైనా రాసుకోవచ్చు. ఎవరు పాడారు, ఏ ఊళ్ళో, ఏ సంవత్సరం, ఎవరి పెళ్ళి అన్నది రాయాలి. మన తరువాత చెప్పేవారుండరు.

నాలుగు. రెండు నకళ్ళు రెండు ఇళ్ళలో ఉండాలి. ఒక టెరాబైటు డిస్కులో ఫ్లాక్‌గా రెండువేల పైచిలుకు సీడీలు పడతాయి. చోటు లేదనే సాకు ఇక చెల్లదు.

అయిదు. కొన్న డిస్కులను మన వాడకానికి మాత్రమే దింపుకోవాలి. సొంత వాడకానికి చేసే న్యాయమైన వినియోగానికి 1957 నాటి కాపీరైటు చట్టం 52వ సెక్షనులో చోటుంది. నకళ్ళు తీసి అమ్మడం, పదిమందికి పంచడం వేరే సంగతి.

మిత్రులారా, మనలో ప్రతి ఇంటా ఒక బీరువా ఉంది. అందులో ఒక డిస్కో, క్యాసెట్టో ఉంది. నాన్నగారి పురాణ కాలక్షేపమో, అమ్మ జోలపాటో, పిల్లల మొదటి మాటలో అందులో ఉండి ఉంటాయి. డ్రైవులున్న కంప్యూటర్లు రోజురోజుకూ తగ్గిపోతున్నాయి. రంగు పొరలు మనకోసం ఆగవు. మన సంఘం గదికి ప్రతి శనివారం ఉదయం నేను వస్తూనే ఉన్నాను, డ్రైవు కూడా సంచిలోనే ఉంటుంది. తెచ్చేవారు తెండి, కలిసి దింపుకుందాం. ఒక్క మనవి. లేబులు అంటించి ఉంటే దయచేసి పీకకండి.

సెలవు.